ఏలియన్లను వెతకడానికి ఏ దారి? తిరుపతిలో ఉండి మొదలుపెట్టేవాళ్లకు ఒక సలహా

డిగ్రీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుల కాలం రాగానే ఎవరో ఒకరు స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి అడుగుతారు, "సార్, ఏలియన్ల మీద ప్రాజెక్టు చేయొచ్చా?" అని. చేయొచ్చు. ఇంతకీ ఏం చేస్తావు అని తిరిగి అడిగితే మాత్రం జవాబుండదు. రేడియో సిగ్నళ్ల కోసం వెతకొచ్చు, లేజర్ మెరుపుల కోసం చూడొచ్చు, నక్షత్రాల వేడి లెక్కలు తీయొచ్చు, గ్రహాల గాలిలో ఏముందో పరీక్షించొచ్చు, మన సౌరకుటుంబంలోకి వచ్చిపడే వస్తువులను అనుమానించొచ్చు. ఇవేవీ కాకపోతే మనమే వాళ్లకు కబురు పంపొచ్చు. ఒక్కో దారికి ఒక్కో ఖర్చు ఉంది, ఒక్కో రకం చదువు కావాలి.

"ఏ పద్ధతిలో ముందుగా దొరుకుతారు?" అన్న ప్రశ్నతో ఎంచుకోవద్దని నా సలహా. 1960 నుంచి వెతుకుతున్నా ఇంతవరకు ఒక్క సిగ్నలూ నిలబడలేదు. అందుకని నేను పిల్లలను రెండే అడుగుతాను. ఏమీ దొరక్కపోతే నీ చేతిలో ఏం మిగులుతుంది? దొరికిందని అనిపించినప్పుడు అది ఉత్తదేనని నువ్వే పట్టుకోగలవా? ఈ రెండింటికీ మంచి జవాబున్న దారి పట్టుకుంటే ప్రాజెక్టు పండినట్టే. కింద రాసిందంతా ఆ లెక్కలోనే చదవండి.

రేడియో

1959లో కొకోనీ, మారిసన్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. నక్షత్రాల మధ్య కబుర్లకు రేడియో తరంగాలే మేలు, వెతికితే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర వెతకండి అన్నారు. ఆ మరుసటి ఏడాదే ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో 26 మీటర్ల డిష్‌ను టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని అనే రెండు దగ్గరి నక్షత్రాల వైపు తిప్పి విన్నాడు. అసలు వేట అక్కడే మొదలైంది. ఈ వేటకే 'సెటి' అని పేరు.

1420నే ఎందుకు పట్టుకున్నారు? విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే హైడ్రోజన్ ఆ ఫ్రీక్వెన్సీలో రేడియో తరంగాలను వెదజల్లుతుంది. ఖగోళశాస్త్రం తెలిసిన వాళ్లెవరికైనా, ఏ గ్రహం మీద ఉన్నా, ఆ సంఖ్య తెలిసి తీరుతుంది. బ్రహ్మోత్సవాల రద్దీలో తిరుమలలో ఇద్దరు తప్పిపోయారనుకోండి. గుడిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, ఎక్కడ కలవాలో ముందు అనుకోలేదు. అయినా ఇద్దరూ ఎవరి ఆలోచన వాళ్లు చేసుకుని, మహాద్వారానికి ఎదురుగా ఉన్న బేడి ఆంజనేయస్వామి గుడి దగ్గరికే వచ్చి నిలబడతారు. 1420 అట్లాంటి చోటు. అవతలివాడూ మనలాగే ఆలోచిస్తాడన్న నమ్మకం మీద నడిచే లెక్క ఇది, అందులోని బలహీనత కూడా అదే. ఇప్పటి రిసీవర్లు ఒకేసారి కోట్లాది ఛానళ్లను వింటాయి కాబట్టి ఒక్క సంఖ్య మీదే పందెం కాయాల్సిన పని తగ్గింది.

రేడియోలో నాకు అన్నిటికన్నా నచ్చేది వడపోత పద్ధతి. ప్రకృతిలో పుట్టే రేడియో గీతలు వెడల్పుగా ఉంటాయి. అంతరిక్షంలోని మబ్బుల్లో లేజర్‌లాగా పుట్టే 'మేజర్' (maser) గీత ఎంత సన్ననిదైనా కొన్ని వందల హెర్ట్జ్‌ల వెడల్పు ఉంటుంది. ఒకటి రెండు హెర్ట్జ్‌ల సన్నని గీత కనిపించిందంటే దాని వెనక ఏదో యంత్రం ఉన్నట్టే. ఆ యంత్రం ఎక్కడుందో తేల్చడానికి ఇంకో పరీక్ష ఉంది. భూమి తిరుగుతోంది, అవతలి గ్రహం కూడా తిరుగుతుంటుంది, కాబట్టి దూరం నుంచి వచ్చే సిగ్నల్ ఫ్రీక్వెన్సీ సెకను సెకనుకూ కొద్దిగా జారుతుంది. జారకుండా ఒకే చోట కూర్చున్న గీత మన భూమి మీద సరుకే అయ్యుంటుంది. మూడో పరీక్షలో డిష్‌ను నక్షత్రం వైపు అయిదు నిమిషాలు పెట్టి, పక్కకు తిప్పి అయిదు నిమిషాలు పెట్టి, మళ్లీ నక్షత్రం వైపు తెస్తారు. ఇట్లా ఆరుసార్లు. నక్షత్రం వైపు చూసిన మూడుసార్లూ కనిపించి, పక్కకు తిప్పిన మూడుసార్లూ మాయమైతేనే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఇదంతా తిరుపతిలో కూర్చుని చేయొచ్చా? చేయొచ్చు, ల్యాప్‌టాప్ చాలు. 2015లో యూరీ మిల్నర్ అనే కోటీశ్వరుడు 10 కోట్ల డాలర్లతో ప్రకటించిన 'బ్రేక్‌త్రూ లిజన్' ప్రాజెక్టు గ్రీన్ బ్యాంక్, ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుల డేటాను బయట పెట్టింది. 'టర్బోసెటి' అనే పైథాన్ ప్రోగ్రాం కూడా ఉచితమే. మొదటి పాఠంగా నేను చేయించేది ఎప్పుడూ ఒక్కటే, వాయేజర్-1 అంతరిక్ష నౌక ఫైలు. గ్రీన్ బ్యాంక్ డిష్ ఆ నౌకను విన్నప్పుడు రికార్డు చేసిన చిన్న ముక్క అది. తెరిచి గ్రాఫు గీస్తే 8419.297 మెగాహెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత, దానికి అటూ ఇటూ 22 కిలోహెర్ట్జ్‌ల పైచిలుకు దూరంలో రెండు పొట్టి గీతలు వస్తాయి. నడుమది క్యారియర్ అనే మూల తరంగం, పక్కవి సమాచారం మోసేవి. సెకనుకు 0.37 హెర్ట్జ్ చొప్పున గీత జారుతున్న సంగతీ తెలుస్తుంది. అప్పటికి దాదాపు 2000 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న నౌక, దాంట్లో ఉన్న ట్రాన్స్‌మిటర్ శక్తి ఇంట్లో ఒక ఎల్ఈడీ ట్యూబ్‌లైటు వాడే కరెంటుతో సమానం. సౌరకుటుంబం అంచుల నుంచి మనిషి చేసిన యంత్రం పంపిన సిగ్నల్ ఇట్లా ఉంటుందని కళ్లతో చూశాక, ఏం వెతుకుతున్నామో వేరే చెప్పాల్సిన పనుండదు.

ఇక ఉత్త హెచ్చరికల సంగతి. 2019 ఏప్రిల్, మే నెలల్లో పార్క్స్ టెలిస్కోపు, సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ వైపు చూస్తుండగా 982.002 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నని సిగ్నల్ వచ్చింది. దానికి బీఎల్‌సీ-1 అని పేరు పెట్టారు. జారింది, నక్షత్రం వైపు చూసినప్పుడే కనిపించింది, అన్ని పరీక్షలూ దాటింది. డేటాలో దాన్ని మొదట పట్టుకున్నది అప్పటికింకా డిగ్రీ చదువుతున్న ఒక ఇంటర్న్ కుర్రాడు. 2021లో అసలు విషయం తేలింది. అదే పోలికతో ఉన్న సిగ్నళ్లు ఇంకా ఎన్నో దొరికాయి, వాటి ఫ్రీక్వెన్సీల మధ్య దూరాలు మామూలు ఎలక్ట్రానిక్స్‌లో వాడే క్లాక్ చిప్‌ల లెక్కకు సరిపోయాయి, కొన్ని డిష్ పక్కకు తిరిగినప్పుడు కూడా ఉన్నాయి. అంటే భూమి మీదదే. నన్నడిగితే ఈ కథలో గొప్పంతా ఆ రెండో సగంలోనే ఉంది. దొరికిందని చెప్పిన జట్టే కూర్చుని, కాదని నిరూపించింది. అదే పార్క్స్‌లో ఏళ్ల తరబడి వేధించిన ఇంకో రకం వింత పల్సులకు కారణం అక్కడి మైక్రోవేవ్ ఓవెన్ అని 2015లో తేలింది. ఓవెన్ ఆగకముందే ఎవరో తలుపు తీసేవాళ్లన్నమాట.

'వావ్' సిగ్నల్ గురించి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. 1977 ఆగస్టు 15న ఒహాయోలోని బిగ్ ఇయర్ టెలిస్కోపుకు 1420 మెగాహెర్ట్జ్‌కు దగ్గర్లో బలమైన సిగ్నల్ 72 సెకన్లు వచ్చింది. ప్రింటౌటు మీద దాని పక్కన 'వావ్' అని రాసి పెట్టడంతో ఆ పేరొచ్చింది. ఆ టెలిస్కోపు కదిలేది కాదు, భూమి తిరుగుడుకు ఆకాశమే దాని ముందు నుంచి జరిగిపోయేది. ఒక బిందువు దాటడానికి పట్టే కాలం సరిగ్గా 72 సెకన్లు, కాబట్టి అది ఆకాశం నుంచే వచ్చినట్టుంది. మళ్లీ ఎన్నిసార్లు చూసినా రాలేదు. రెండోసారి రాని సిగ్నల్‌తో సైన్స్ చేయలేం. దాని మీద వీడియోలు చేసుకోవచ్చు, ప్రాజెక్టు మాత్రం వద్దు.

గాదంకి వైపు నుంచి చూస్తే

రేడియో వేటలో ఒక చిక్కు ప్రశ్న ఉంది. మనం వెతికేది కావాలని పంపే పిలుపునా, పొరపాటున బయటికి కారే సిగ్నల్‌నా? ఈ తేడా అర్థం కావాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది, అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న స్థలంలో 1024 యాగీ యాంటెనాలు వరుసగా నిలబెట్టిన ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పైకి పల్సులు పంపుతుంది. మొదట కట్టినప్పుడు దాని పీక్ శక్తి 2.5 మెగావాట్లు. గాలి పొరల కదలికలు కనుక్కోవడం దాని పని. గాలిలోంచి వెనక్కి వచ్చేది అతి స్వల్పం, మిగతాదంతా అంతరిక్షంలోకి పోతూనే ఉంటుంది.

ఆ పుంజం వెడల్పు సుమారు మూడు డిగ్రీలు. గాదంకి పదమూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి, నిట్టనిలువుగా పంపినప్పుడు ఆ పుంజం ఆకాశంలో అదే డిక్లినేషన్ (ఆకాశానికి అక్షాంశం లాంటిది) పట్టీని తుడుచుకుంటూ పోతుంది. ఆ పట్టీలో సింహరాశి తోకలో ఉండే డెనెబోలా ఉంది, మన ఉత్తర ఫల్గుణి. రోజుకొకసారి నడినెత్తికి ఒక డిగ్రీ తేడాతో గాదంకిని దాటుతుంది. దూరం 36 కాంతి సంవత్సరాలు. 90ల మొదట్లో ఇక్కణ్నించి బయలుదేరిన పల్సులు ఈ దశాబ్దం చివరికి గానీ అక్కడికి చేరవు. అక్కడ ఎవరన్నా ఉండి పెద్ద యాంటెనా పెట్టుకుని చూసినా, నక్షత్రం పుంజంలోంచి జరిగిపోయే ఆ కొద్ది నిమిషాలే సిగ్నల్ అందుతుంది. ఆ సమయానికి రాడార్ ఆన్‌లో ఉండాలి, పుంజం నిలువుగానే ఉండాలి. మర్నాడు చూస్తే ఉండకపోవచ్చు. వాళ్లూ దానికి 'వావ్' అని రాసుకుని తల పట్టుకుంటారు.

అందుకే కారిపోయే సిగ్నళ్ల వేట మీద నాకు పెద్ద ఆశ లేదు, ఇప్పటి టెలిస్కోపులతో అయితే అసలే లేదు. స్క్వేర్ కిలోమీటర్ అర్రే అనే కొత్త రేడియో టెలిస్కోపు పూర్తిస్థాయిలో వచ్చాక లెక్క మారొచ్చు. ఆస్ట్రేలియాలో 1,31,072 చిన్న యాంటెనాలు, దక్షిణాఫ్రికాలో 197 డిష్‌లు అన్నది ప్రణాళిక. మన కేంద్ర మంత్రివర్గం దాంట్లో చేరడానికి 1,250 కోట్ల రూపాయలకు ఒప్పుకుంది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవాళ్లు పీహెచ్‌డీకి వచ్చేసరికి ఆ డేటా చేతికి రావొచ్చు.

సొంతంగా యాంటెనా పెట్టి వేటాడదామా అంటే, తిరుపతిలో వద్దు. సెల్ టవర్లు, రేణిగుంట విమానాశ్రయం, ప్రతి ఇంట్లో వైఫై. కానీ యాంటెనా అంటే ఏమిటో నేర్చుకోవడానికి ఒక్కటి చేసి చూడండి. అయిదు లీటర్ల ఖాళీ టిన్ను తీసుకుని, అందులో 5.3 సెంటీమీటర్ల రాగి తీగ నిలబెట్టాలి. అది 21 సెంటీమీటర్ల తరంగానికి నాలుగో వంతు. టిన్ను మూతికి రేకుతో నాలుగు పలకల హారన్ అతికించి, ఒక లో-నాయిస్ ఆంప్లిఫయర్, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌నే రేడియోగా మార్చే చిన్న పరికరం) తగిలిస్తే ఇంటి మిద్దె మీద నుంచే పాలపుంతలోని హైడ్రోజన్ వినిపిస్తుంది. మా పిల్లలు ఒకసారి రేకుల పని చేసే షాపులో హారన్ చేయించారు. అంతా అయ్యాక ఆయన అడిగిందొక్కటే, "దీనికి మూత పెట్టాల్నా సార్?" అని.

హంస రాశి (సిగ్నస్) ఆకాశంలో బాగా పైకి వచ్చినప్పుడు హారన్‌ను అటు తిప్పి కాసేపు ఉంచితే, స్క్రీన్ మీద నాయిస్ గీతలోంచి మెల్లగా ఒక దిబ్బ లేస్తుంది. అది 1420.4 నుంచి ఎంత పక్కకు జరిగిందో కొలిస్తే ఆ హైడ్రోజన్ మబ్బు మన వైపు వస్తోందో, దూరం పోతోందో తెలిసిపోతుంది. దిబ్బతో పాటు సూదుల్లాంటి గీతలు కూడా వస్తాయి. వాటిలో కొన్ని ల్యాప్‌టాప్‌ను రెండు గజాలు జరిపితే మాయమవుతాయి. బీఎల్‌సీ-1 కథ పేపర్లో చదివితే ఒక రకం, మీ మిద్దె మీద మీ ల్యాప్‌టాపే ఏలియన్ వేషం వేస్తే ఇంకో రకం.

లేజర్ మెరుపులు

లేజర్‌తో కబురు పంపొచ్చన్న ఊహను 1961లోనే ష్వార్ట్జ్, టౌన్స్ అనే భౌతిక శాస్త్రవేత్తలు చెప్పారు. బలమైన లేజర్‌ను పెద్ద టెలిస్కోపు గుండా పంపితే, సెకనులో వంద కోట్లవ వంతు (ఒక నానోసెకను) కాలం పాటు అది తన నక్షత్రాన్ని మించి వేల రెట్లు వెలుగుతుంది. అంత పొట్టి మెరుపును ఏ నక్షత్రమూ పుట్టించదని మనకు తెలుసు. రేడియోలో ఉన్నంత రద్దీ ఇక్కడ లేదు, ఏ సెల్‌ఫోనూ నానోసెకను మెరుపులు మెరవదు. కాస్మిక్ కిరణాలు గాలిలో పుట్టించే చెరెన్‌కోవ్ వెలుగులు మాత్రం మోసం చేస్తాయి, అందుకే రెండు మూడు టెలిస్కోపులు ఒకేసారి చూడాలి.

ఊహగా రేడియో కన్నా ఇదే నాకు గట్టిగా కనిపిస్తుంది. కానీ మన చేతికందేది కాదు. నానోసెకను డిటెక్టర్లు, పెద్ద అద్దం, చీకటి కొండ కావాలి. చిత్తూరు వైపు నుంచి చూస్తే దగ్గర్లో ఉన్న పెద్ద కన్ను తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరు. అక్కడ 1986 నుంచి పనిచేస్తున్న 2.3 మీటర్ల వేణు బప్పు టెలిస్కోపు ఉంది. ఒకసారి వెళ్లి చూడదగ్గదే, మీ ప్రాజెక్టుకు మాత్రం దాని సమయం ఇవ్వరు. ఇంకో ఆలోచన ఏమిటంటే, చెరెన్‌కోవ్ వెలుగులను పట్టే టెలిస్కోపులే ఈ పనికీ పనికొస్తాయి. అమెరికాలోని వెరిటాస్‌ను అట్లా వాడారు. లడఖ్‌లోని హాన్లేలో మనకు 'మేస్' అనే 21 మీటర్ల చెరెన్‌కోవ్ టెలిస్కోపు ఉంది. ఎవరన్నా పీహెచ్‌డీ స్థాయిలో ఆలోచించవలసిన విషయమిది. డిగ్రీ పిల్లలకు కాదు.

వేడి కోసం వెతకడం

ఈ దారిలో అవతలివాడు మనతో మాట్లాడాలన్న షరతే లేదు, అందుకే నాకు ఇష్టం. 1960లో ఫ్రీమన్ డైసన్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. ఒక నాగరికత బాగా ఎదిగి తన నక్షత్రం వెలుగులో పెద్ద వాటాను వాడుకుంటోందనుకుందాం. వాడిన శక్తి ఎక్కడికీ పోదు, చివరికి వేడిగా బయటికి రావాల్సిందే. మన సూర్యుడి చుట్టూ భూమి దూరంలో అట్లాంటి పలకల గూడు కడితే అది దాదాపు 300 కెల్విన్ వేడితో, 10 మైక్రాన్ల చుట్టుపక్కల ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతుంది. థర్మోడైనమిక్స్ రెండో సూత్రాన్ని ఎవరూ ఎగ్గొట్టలేరు. వాడు మౌనంగా ఉన్నా, చచ్చిపోయి యంత్రాలే మిగిలినా, వేడి బయటపడుతుంది.

డేటా కూడా సిద్ధంగా ఉంది. 2009లో ఎగిరిన వైజ్ ఉపగ్రహం ఆకాశమంతా 3.4 నుంచి 22 మైక్రాన్ల వరకు నాలుగు పట్టీల్లో కొలిచింది. గయా ఉపగ్రహం నక్షత్రాల దూరాలు ఇచ్చింది. రెండింటినీ టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపి, ఏ నక్షత్రం లెక్కకు మించి వేడి కక్కుతోందో ఏరొచ్చు. 2024లో ప్రాజెక్ట్ హెఫాయిస్టోస్ జట్టు 50 లక్షల నక్షత్రాలను ఇట్లానే జల్లెడ పట్టి ఏడింటిని మిగిల్చింది. అన్నీ చిన్న ఎర్ర నక్షత్రాలే. వెంటనే వేరేవాళ్లు చూసి, వాటిలో కొన్నింటి వెనకాల అదే గీతలో దూరపు గెలాక్సీలు ఉన్నాయని, వేడి వాటిదే అయ్యుండొచ్చని చూపించారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. లెక్కకు మించిన వేడికి దుమ్ము కూడా కారణమే. ఇందాకటి డెనెబోలాకు కూడా ఇన్‌ఫ్రారెడ్‌లో లెక్కకు మించిన వెలుగుంది. అది ఇంకా కుర్ర నక్షత్రం, చుట్టూ ధూళి వలయం ఉంది, అంతే. దుమ్మా, గెలాక్సీనా, మరొకటా అని తేల్చడం రేడియోలో లాగా మూడు పరీక్షలతో అయ్యేది కాదు. ఏళ్ల పని. కానీ ఏమీ దొరకకపోయినా మీ చేతిలో వింత నక్షత్రాల పట్టిక మిగులుతుంది. ఖగోళశాస్త్రంలో దాని విలువ దానికుంది. స్టాటిస్టిక్స్ మీద పట్టున్న ఎమ్మెస్సీ పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే.

మసకబారే నక్షత్రాలు, గ్రహాల గాలి

కెప్లర్ టెలిస్కోపు డేటాలో వాలంటీర్లు పట్టుకున్న కేఐసీ 8462852, అందరూ 'ట్యాబీ నక్షత్రం' అనేది, 2015లో పెద్ద రచ్చ చేసింది. ఒక్కో సారి 22 శాతం వరకు మసకబారింది. గురుగ్రహమంతటిది అడ్డొచ్చినా ఒక శాతం చుట్టుపక్కలే తగ్గుతుంది. ఏలియన్ల కట్టడమన్నారు. తర్వాత వేర్వేరు రంగుల్లో కొలిస్తే నీలం ఎక్కువగా, ఎరుపు తక్కువగా తగ్గుతోందని తేలింది. ఘనమైన పలక అడ్డొస్తే అన్ని రంగులూ ఒకేలా తగ్గాలి, కాబట్టి అది సన్నని దుమ్ము. ఇంత చక్కని వాదన ఒక్క గ్రాఫుతో నడవడం పాఠం చెప్పుకోవడానికి ఎంత బాగుంటుందో! ఇట్లాగే నక్షత్రాల వెలుగును కొలిచే టెస్ ఉపగ్రహం డేటా, లైట్‌కర్వ్ అనే పైథాన్ లైబ్రరీ రెండూ ఉచితం. వింతలు ఏరుతూ పోతే దారిలో కొత్త గ్రహమో, ఒకదాన్నొకటి కప్పే జంట నక్షత్రాలో దొరికినా దొరకొచ్చు. చేతిలో మిగిలేదాని లెక్కలో ఈ దారికి నేను రేడియోతో సమానంగా మార్కులు వేస్తాను.

గ్రహాల గాలిని పరీక్షించడం పత్రికల్లో ఎక్కువగా కనబడుతుంది. 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బి అనే గ్రహం మీద జేమ్స్ వెబ్ టెలిస్కోపు మీథేన్, కార్బన్ డయాక్సైడ్ చూసింది. 2025లో కేంబ్రిడ్జ్‌కు చెందిన నిక్కు మధుసూదన్ జట్టు డైమిథైల్ సల్ఫైడ్ జాడలున్నాయంది, మరికొందరు ఒప్పుకోలేదు. నిజమే అయినా అది సముద్రపు సూక్ష్మజీవుల గుర్తు. మేధావుల గుర్తు కావాలంటే క్లోరోఫ్లోరోకార్బన్ల లాంటి ఫ్యాక్టరీ వాయువులు కనిపించాలి. దాని కోసం వెబ్ టెలిస్కోపు సమయం మీకు నాకు రాదు. వార్తలు చదవండి, ప్రాజెక్టుగా తీసుకోవద్దు.

వచ్చిపోయే అతిథులు, పంపే కబుర్లు

2017 అక్టోబరులో ఔమువామువా, 2019లో బోరిసోవ్, 2025 జులైలో అట్లాస్. వేరే నక్షత్రాల నుంచి వచ్చిన వస్తువులు ఇప్పటికి మూడు కనిపించాయి. మొదటిది యంత్రమై ఉండొచ్చని హార్వర్డ్‌లోని ఆవి లోబ్ వాదించారు, ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఎప్పుడొస్తాయో తెలియదు, వచ్చినప్పుడు పెద్ద టెలిస్కోపులకే పని. దీన్ని ఆధారం చేసుకుని సెమిస్టర్ ప్లాను వేయలేం.

కబురు పంపడం గురించి నా మాట సూటిగానే చెబుతాను. వద్దు. 1974 నవంబరులో పోర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపు నుంచి 1,679 బిట్ల సందేశాన్ని ఎం13 అనే నక్షత్ర గుచ్ఛం వైపు పంపారు. 1,679 అంటే 23 ఇంటూ 73, రెండూ ప్రధాన సంఖ్యలే, అందుకని దాన్ని బొమ్మగా రెండు తీరుల్లోనే పేర్చగలం, వాటిలో ఒకదానికే అర్థం వస్తుంది. తెలివైన పనే. కానీ అక్కడికి 25,000 ఏళ్లు, జవాబుకు మరో 25,000. స్టీఫెన్ హాకింగ్ లాంటివాళ్లు భయంతో వద్దన్నారు. నాకు భయం కన్నా లెక్కే అడ్డం. పంపినవాడు జవాబు చూడడు, తను పంపింది సరైందో కాదో ఎప్పటికీ తెలుసుకోలేడు. నా రెండు ప్రశ్నల్లో రెండూ ఇక్కడే తన్నేస్తాయి.

ఇంతకీ మీరు ఎవరు?

ఇంటర్ చదువుతుంటే, ఫోనో కంప్యూటరో ఉంటే, జూనివర్స్ సైటులో కాలిఫోర్నియా యూనివర్సిటీ, లాస్ ఏంజెలెస్ వాళ్లు నడిపే 'ఆర్ వీ అలోన్ ఇన్ ద యూనివర్స్' ప్రాజెక్టులో చేరండి. గ్రీన్ బ్యాంక్ సిగ్నళ్ల బొమ్మలను రకాలుగా విడదీయాలి. మొదటి రోజు అన్నీ ఏలియన్లలాగే కనిపిస్తాయి. వారం తిరక్కుండా ఉపగ్రహమేదో, రాడార్ ఏదో బొమ్మ చూసి చెప్పేస్తారు. 1999 నుంచి 2020 వరకు 'సెటి ఎట్ హోం'లో లక్షల మంది తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని ఇచ్చారు, మనుషులు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇది అంతకన్నా మేలు, కన్నూ బుర్రా పనిచేస్తాయి.

బీఎస్సీ ఫిజిక్స్ లేదా కంప్యూటర్స్ అయితే బ్రేక్‌త్రూ లిజన్ డేటా. పైథాన్ రాకపోతే దీనికోసమే నేర్చుకోండి. ఇంజనీరింగ్‌లో ఈసీఈ అయితే రేకు హారన్, ఎస్‌డీఆర్. ఎమ్మెస్సీ అయితే వైజ్, గయా పట్టికలు, లేదా టెస్ డేటా. తిరుపతిలోనే ఐసర్, ఐఐటీ, ఎస్వీయూ ఉన్నాయి, సందేహం వస్తే ఎవరినీ అడగలేమన్న భయం లేదు.

దీన్నే బతుకుదెరువు చేసుకుంటానంటే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. నాసా 1992 అక్టోబరులో పెద్ద ఎత్తున ఈ వేట మొదలుపెడితే, ఏడాది తిరిగేసరికి అమెరికా కాంగ్రెస్ డబ్బు ఆపేసింది. ఆ తర్వాత ఎక్కువగా దాతల సొమ్ముతోనే నడుస్తోంది. అందుకని సెటిలో పీహెచ్‌డీ అనుకోకుండా, రేడియో ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ అనుకోండి. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు మనదే, దాన్ని నడిపే ఎన్‌సీఆర్‌ఏ సంస్థలో వేసవి విద్యార్థి కార్యక్రమాలుంటాయి. 2016 అక్టోబరులో అంగారకుడి మీదికి దిగుతున్న యూరప్ వాళ్ల షియాపరెల్లి ల్యాండర్ సిగ్నల్‌ను ఆ డిష్‌లే పట్టాయి, సిగ్నల్ మధ్యలో తెగిపోవడాన్ని కూడా. అంత దూరం నుంచి వచ్చే బలహీనమైన సన్నని సిగ్నల్‌ను పట్టడం చేతనైనవాడికి ఏలియన్లు లేకపోయినా పని దొరుకుతుంది.

చివరిగా, డేటాలో నిజంగానే గుండె ఝల్లుమనే గీత కనిపించినప్పుడు ఏం చేయాలో చెప్పి వదిలేస్తాను. ముందు ఫ్రీక్వెన్సీ చూడండి. 1575.42 మెగాహెర్ట్జ్ అయితే జీపీఎస్. 1602 చుట్టుపక్కలైతే రష్యా వాళ్ల గ్లోనాస్. 1616 నుంచి 1626.5 మధ్య అయితే ఇరిడియం ఫోన్ ఉపగ్రహాలు. 935 నుంచి 960 దాకా సెల్ టవర్లు. వీటిలో ఏదీ కాకపోతే డిష్ పక్కకు తిప్పినప్పటి ఫైళ్లు తెరిచి, అక్కడ అదే గీత మరింత పలచగా ఉందేమో చూడండి, ఎక్కువగా అక్కడే దొరికిపోతుంది. అక్కడా లేకపోతే అదే నక్షత్రం మీద వేరే రోజు తీసిన డేటా అడగండి. 1989లో అంతర్జాతీయంగా రాసుకున్న నియమాల ప్రకారం వేరే టెలిస్కోపు చూసి అవునన్నాకే బయటికి చెప్పాలి. క్లాసు వాట్సాప్ గ్రూపు కూడా బయట కిందే లెక్క.